లేజర్ ఎవరి చేతిలో ఉండాలి?

స్త్రీల హక్కుల పత్రికలో కంటి లేజర్ మీద సంపాదకీయం ఏమిటని మా సంపాదకవర్గంలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. హింస, భూమి, వేతనం, చట్టాల అమలు ఇన్ని సమస్యలు మన ముందుండగా, ఇది డాక్టర్లు డాక్టర్లు తేల్చుకోవలసిన సంగతిలాగే కనిపిస్తుంది. కానీ మన శరీరం మీద ఎవరు చెయ్యి వెయ్యాలి, ఆ అధికారం ఎవరిస్తారు, పొరపాటు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నవి స్త్రీల ఆరోగ్య ఉద్యమానికి కొత్త ప్రశ్నలు కావు. గర్భసంచి విషయంలో అడిగిన ప్రశ్నల్ని కంటి విషయంలోనూ అడగవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ముందుగా వివాదం ఏమిటో చెప్తాను. అమెరికాలో కళ్ళు చూసేవాళ్ళు రెండు రకాలు. వైద్యవిద్య పూర్తిచేసి, ఆపైన కంటి శస్త్రచికిత్సలో ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన నేత్ర వైద్యులు ఒకరు. కాలేజీ డిగ్రీ తర్వాత నాలుగేళ్ళు కంటి పరీక్షల్లో, కంటి జబ్బుల్ని గుర్తించడంలో శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టులు మరొకరు. మన దగ్గర జనం వీళ్ళని ‘అద్దాల డాక్టరు’ అంటారు. కొన్ని రకాల లేజర్ చికిత్సలు ఆప్టోమెట్రిస్టులు చేయవచ్చని మొట్టమొదట 1998లో ఓక్లహోమా రాష్ట్రం చట్టం చేసింది. 2011లో కెంటకీ, 2014లో లూసియానా, ఆ తర్వాత ఆర్కన్సా, వర్జీనియా, కొలరాడో వంటివి కలిసి ఇప్పుడా రాష్ట్రాల సంఖ్య పది దాటింది. కాలిఫోర్నియాలో 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లును, శిక్షణ చాలదన్న కారణంతో గవర్నరు తిరస్కరించారు. ఒకే దేశంలో ఒక రాష్ట్రంలో చట్టబద్ధమైన పని పక్క రాష్ట్రంలో నేరమవుతోంది.

చర్చలో ఉన్న చికిత్సలు ముఖ్యంగా మూడు. అద్దాలు అవసరం లేకుండా చేసే లాసిక్ ఈ చట్టాల్లో చాలావాటి పరిధిలోకి రాదు. మొదటిది శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చే పొరకి చేసేది. ఆపరేషన్‌లో కృత్రిమ కటకం పెట్టేటప్పుడు దాని వెనక సహజమైన పల్చటి సంచి పొరని అలాగే ఉంచుతారు. నెలలో ఏళ్ళో గడిచాక కొందరిలో ఆ పొర మసకబారుతుంది. 1998లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రకారం అయిదేళ్ళలో నూటికి 28 కళ్ళలో ఇలా జరిగేది. కొత్తరకం కటకాలతో తగ్గింది గాని పోలేదు. దీనికి కంట్లో మొద్దుబార్చే చుక్కలు వేసి, లేజర్‌తో ఆ పొరలో చిన్న కిటికీ తెరుస్తారు. కొద్ది నిమిషాల పని. రెండవది నీటి కాసుల జబ్బులో కంటిలోని ద్రవం బయటికి పోయే జల్లెడ మీద చేసే లేజర్. మూడవది ఆ ద్రవానికి దారి మూసుకుపోయే రకం నీటి కాసుల్లో, నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగుపొరకి చిన్న రంధ్రం చేయడం.

నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఇదేమంత పెద్ద పనికాదని ఒక పక్షం అంటుంది. పొర తొలగించిన తర్వాత కంట్లో ఒత్తిడి పెరగవచ్చు. రెటీనా వాచవచ్చు, అరుదుగా ఊడిపోనూవచ్చు. నొక్కడం తేలికే, ఎప్పుడు నొక్కకూడదో తెలియడమే చదువు అని రెండవ పక్షం జవాబు. నాకు ఈ మాట సరైనదనే అనిపిస్తుంది. అయితే ఆ తెలివి ఒక డిగ్రీకి మాత్రమే పుట్టుకతో వచ్చిందా, నేర్పితే మరొకరికి రాదా అన్నది వేరే ప్రశ్న.

సాక్ష్యాలు ఏమంటున్నాయి? ఓక్లహోమాలో 2008 నుంచి 2013 వరకు వృద్ధుల ప్రభుత్వ బీమా చెల్లింపుల్ని పరిశీలించిన అధ్యయనం 2016లో వచ్చింది. నీటి కాసులకి లేజర్ చేసిన కంటికే మళ్ళీ లేజర్ చేయడం నేత్ర వైద్యుల దగ్గర నూటికి 15 కళ్ళలో జరిగితే, ఆప్టోమెట్రిస్టుల దగ్గర నూటికి 36 కళ్ళలో జరిగింది. సగం జల్లెడకి ఒకసారి, మిగతా సగానికి మరోసారి చేసే పద్ధతి వల్ల లెక్క అలా కనిపిస్తోందని ఆప్టోమెట్రిస్టులు వాదించారు. అది నిజమే కావచ్చు. కానీ ఒకటికి రెండుసార్లు రావలసివచ్చిన ముసలామె ప్రయాణం, రెండుసార్లు కట్టిన బిల్లు ఎవరి ఖాతాలో వేయాలి? ఇక రెండో వాదన, దూరం తగ్గుతుందన్నది. అదే బీమా లెక్కల్ని పటాల మీద పరిచి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. చట్టం మార్చిన రాష్ట్రాల్లో చికిత్స కోసం జనం ప్రయాణించవలసిన సమయం చెప్పుకోదగినంత తగ్గలేదని అది తేల్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. నేత్ర వైద్యులున్న పట్టణాల్లోనే ఆప్టోమెట్రిస్టులూ దుకాణాలు తెరుచుకుంటారు. హక్కు ఇవ్వగానే వాళ్ళు కొండప్రాంతాలకీ మారుమూల పల్లెలకీ కదిలిపోరు.

అంటే ‘భద్రత’ అన్న మాట వెనక తమ వృత్తి సరిహద్దుని కాపాడుకునే డాక్టర్లున్నారు. ‘అందుబాటు’ అన్న మాట వెనక మార్కెట్‌ని పెంచుకునే ఆప్టోమెట్రిస్టులున్నారు. రెండు సంఘాలూ శాసనసభ్యుల ఎన్నికల నిధులకి డబ్బులిచ్చేవే. ఎవరి కంటి గురించి ఇంత వాదన జరుగుతోందో ఆ మనిషి మాత్రం ఈ చర్చలో సాక్షిగానైనా కనబడదు.

ఆ మనిషిని నేను పాలమూరు వైపు ఒక ఊళ్ళో చూశాను. వృద్ధ స్త్రీల పని గురించి వివరాలు సేకరిస్తున్నప్పుడు, గడప పక్కన చేటలో బియ్యం ముందు పెట్టుకుని, చూపుతో కాక వేళ్ళతో రాళ్ళు ఏరుతున్న ఒక అవ్వ కనిపించింది. రెండేళ్ళ కింద ఉచిత శిబిరంలో శుక్లం తీశారట. ఏడాది బాగానే చూసింది. ‘‘మళ్ళ పొర కమ్మింది బిడ్డా. ఆపరేషన్ ఖరాబైంది. ఇగ నా కన్ను ఇంతే’’ అంది. ఆపరేషన్ ఖరాబు కాలేదనీ, మళ్ళీ పొర రావచ్చనీ, వస్తే నిమిషాల్లో తీసేయవచ్చనీ ఆమెకు శిబిరంలో ఎవరూ చెప్పలేదు. తర్వాత మండల కేంద్రంలో కళ్ళు పరీక్షించే అమ్మాయి చెప్పింది. చీటీ కూడా రాసి ఇచ్చింది. ఆ చీటీ రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో ఏడు నెలలుగా భద్రంగా ఉంది. లేజర్ ఉన్న ఆస్పత్రికి రెండు బస్సులు మారాలి. ఒంటరిగా పోలేదు. కోడలు తోడు వెళ్తే ఒకరోజు కూలి పోతుంది. ‘‘ఆమె మటుకు ఎన్ని దినాలు ఇడుస్తది?’’ అని అవ్వే కోడలి తరఫున మాట్లాడింది.

ఇది ఒక్క అవ్వ కథ కాదు. 1996-2000 మధ్య హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదివేలమందికి పైగా ప్రజల కళ్ళు పరీక్షించి చేసిన అధ్యయనంలో అంధత్వం స్త్రీలలో, పేదల్లో, పల్లెల్లో ఎక్కువగా ఉందని తేలింది. 2015-19 జాతీయ సర్వేలో యాభై దాటిన పురుషుల్లో అంధత్వం 1.67 శాతం ఉంటే స్త్రీలలో 2.31 శాతం. రెండు దశాబ్దాలు గడిచాయి, తేడా మిగిలింది. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు వంటి కార్యక్రమాల్లో ఊరూరా పరీక్షలూ అద్దాలూ వేగంగా అందాయి. ఆపరేషన్ అవసరమని తేలినవారి సంగతి అంత వేగంగా సాగలేదు. జబ్బు ఉందని చెప్పడం ఇంటి గడప దాకా వచ్చింది. దాన్ని నయం చేయడం ఇంకా నగరంలోనే ఉంది.

మన దేశంలో ఆప్టోమెట్రిస్టులు లేజర్ చేయడానికి ఇప్పుడు చట్టం వీలివ్వదు. మరి తొందరేమిటని అనుకోవచ్చు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రీని ఒక వృత్తిగా గుర్తించింది. వృత్తిగా గుర్తించాక దాని హద్దులేమిటన్న ప్రశ్న వస్తుంది. అలాంటి నిర్ణయాలు మన దగ్గర ఎలా జరుగుతాయో 2020 నవంబరులో చూశాం. ఆయుర్వేద పట్టభద్రులు పైచదువులో శిక్షణ పొంది 58 రకాల శస్త్రచికిత్సలు చేయవచ్చని గెజిట్‌లో ప్రకటన వచ్చింది. వాటిలో శుక్లం ఆపరేషన్ కూడా ఉంది. డిసెంబరు 11న అల్లోపతి డాక్టర్లు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. ఒకరు గెజిట్‌తో, మరొకరు సమ్మెతో మాట్లాడారు. రోగుల తరఫున మాట్లాడే వేదికేదీ లేకపోయింది. రేపు లేజర్ విషయంలోనూ అదే జరగకూడదంటే మన ఆలోచన ఇప్పుడే స్పష్టం కావాలి.

ఇక్కడ మన ఉద్యమపు రెండు జ్ఞాపకాలు రెండు వైపులకి లాగుతాయి. దాన్ని దాచుకోకుండా మాట్లాడుకోవాలి.

మొదటి జ్ఞాపకం పటాన్‌చెరు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ని, ఇది ప్రయోగమన్న సంగతి సరిగా చెప్పకుండా, పేద స్త్రీలకి ఇవ్వబోయారు. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి ప్రశ్నించారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అప్పుడు కూడా ప్రభుత్వం చెప్పిన మాట ‘స్త్రీలకి అందుబాటులో ఉండాలి’ అనే. అందుబాటు పేరుతో పేద స్త్రీ శరీరాన్ని కొత్త పద్ధతులకి పరీక్షాస్థలం చేయడాన్ని మనం అప్పటినుంచీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకూడదు.

రెండవ జ్ఞాపకం గర్భస్రావ హక్కు. 1971 చట్టం గర్భస్రావం చేసే అధికారాన్ని డాక్టర్లకే ఇచ్చింది. డాక్టరు లేని పల్లెల్లో స్త్రీలు ఎవరి చేతుల్లో పడ్డారో మనకు తెలుసు. తొలివారాల గర్భస్రావానికి శిక్షణ పొందిన నర్సులనీ ఏ.ఎన్.ఎం.లనీ అనుమతించాలని ఆరోగ్య కార్యకర్తలు అడిగారు. 2014 ముసాయిదాలో ఆ ప్రతిపాదన ఉంది. డాక్టర్ల సంఘాలు వ్యతిరేకించాయి. 2021 సవరణలో అది లేదు. నర్సుకి శిక్షణ ఇస్తే ఆ పని సురక్షితంగా చేయగలదని వాదించిన మనం, కంటి దగ్గరికి వచ్చేసరికి ‘డాక్టరే చేయాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేయలేం.

డిగ్రీ ఉంటే చాలు భద్రత ఉన్నట్టేనని నమ్మడానికి మన అనుభవం అడ్డొస్తుంది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. చేసింది అర్హత ఉన్న డాక్టరే. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం కడుపుకోతలే. అవీ అర్హత ఉన్నవారు చేసినవే. డిగ్రీ అవసరమే. కానీ ఆ డిగ్రీ మీద ఎవరికీ అజమాయిషీ లేనప్పుడు, లక్ష్యాలూ లాభాలూ దాన్ని నడిపిస్తున్నప్పుడు, అది స్త్రీని కాపాడలేదు.

మరో విషయం కూడా ఈ చర్చలో మరుగున పడుతోంది. కంటి వైద్యంలో తక్కువ చదువుతో ఎక్కువ పని చేస్తున్నది ఎవరు? 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో మొదలుపెట్టిన అరవింద్ ఆస్పత్రి, పల్లెల్లో ఇంటర్ దాకా చదివిన ఆడపిల్లల్ని తీసుకుని రెండేళ్ళ శిక్షణ ఇచ్చి ఆస్పత్రి పనిలో సింహభాగం వారితోనే నడిపిస్తోంది. అక్కడ డాక్టరు రోజుకి అన్ని ఆపరేషన్లు చేయగలగడానికి కారణం ముందూ వెనకా ఉన్న ఆ చేతులే. మన వైపు ఎల్.వి. ప్రసాద్ సంస్థ పల్లెల్లో నడిపే కంటి కేంద్రాలు హైస్కూలు దాటిన యువతీయువకులకి ఏడాది శిక్షణ ఇచ్చి నిలబెట్టినవి. పని విభజించి నేర్పితే అది నాణ్యంగా సాగుతుందని ఈ రెండూ నిరూపించాయి. కానీ దేశమంతటా ఈ తరహా ఉద్యోగాల తీరు చూస్తే నాకు ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీ టీచర్లూ గుర్తొస్తారు. బాధ్యత పెరుగుతూ పోతుంది, హోదా పెరగదు. అమ్మాయి చేతికి లేజర్ ఇచ్చి, జీతం కాంట్రాక్టుదే ఉంచి, ఏదైనా జరిగినప్పుడు నేరం ఆమె మీద వేస్తే దాన్ని సాధికారత అనలేం. చవక శ్రమ అంటాం.

ఇంతకీ నా వైఖరి ఏమిటి? శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చే పొరని తొలగించే లేజర్‌ని, తగిన శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టులు చేయడానికి అనుమతించాలని నేననుకుంటున్నాను. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో శిక్షణ పొందిన నర్సులూ ఆప్టోమెట్రిస్టులూ ఈ పని చేస్తున్నారు. అయితే వారు ఒంటరిగా దుకాణం తెరుచుకుని చేయడం లేదు, ఆస్పత్రిలో సీనియర్ డాక్టర్ల బాధ్యతాయుత పర్యవేక్షణలో చేస్తున్నారు. అమెరికా నుంచి చట్టం తెచ్చుకోవడం కంటే బ్రిటన్ నుంచి పద్ధతి తెచ్చుకోవడం మేలు. నీటి కాసుల లేజర్ల విషయంలో నేను ఇప్పుడే అవుననలేను. పొర తీయడం సాధారణంగా ఒకసారితో తీరే పని. నీటి కాసులు జీవితాంతం కనిపెట్టుకుని ఉండవలసిన జబ్బు. లేజర్ అందులో ఒక్క ఘట్టమే. దారి మూసుకుపోయే రకం నీటి కాసులు స్త్రీలలోనే ఎక్కువ కదా, ఆ లేజర్ దగ్గర్లో ఉంటే వారికే మేలు కదా అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. కానీ హఠాత్తుగా కన్ను ఎర్రబడి, తలనొప్పితో వాంతులవుతున్న స్త్రీకి వెంటనే కావలసినవి ఆ లక్షణాలు గుర్తుపట్టే మనిషి, ఒత్తిడి తగ్గించే మాత్రలూ చుక్కలూ, ఆ రాత్రే ఆస్పత్రికి చేర్చే బండి. ఇవి ఇవ్వడానికి కొత్త చట్టం అక్కరలేదు.

అనుమతికి షరతులుండాలి. మొదటిది, ఈ అనుమతి ప్రభుత్వ జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లో మొదలు కావాలి, అద్దాల షాపుల్లో కాదు. రెండవది, శిక్షణ వారాంతపు తరగతి కాకూడదు. నిర్ణీత సంఖ్యలో చికిత్సలు డాక్టరు పక్కన ఉండగా చేసి, పరీక్ష నెగ్గాకే లైసెన్సు. రెటీనా పరీక్షించకుండా లేజర్ చేయకూడదన్నది రాతపూర్వకమైన నియమం కావాలి. మూడవది, చేసిన ప్రతి చికిత్సా, వచ్చిన ప్రతి ఇబ్బందీ నమోదు కావాలి. డాక్టరు చేసినవీ, ఆప్టోమెట్రిస్టు చేసినవీ ఒకే పుస్తకంలో, స్త్రీ పురుషుల లెక్క విడివిడిగా ఉండాలి. ఆ లెక్క ఏటా బయటపెట్టాలి. నాలుగవది, తన కన్నుకి ఏమి చేయబోతున్నారో, చేసేది ఎవరో, ఇష్టం లేకపోతే డాక్టరు దగ్గరే చేయించుకోవచ్చనో ఆమె భాషలో ఆమెకు చెప్పాలి. వేలిముద్ర వేయించుకోవడం చెప్పడం కిందికి రాదు. అయిదవది, లక్ష్యాలు ఉండకూడదు. రోజుకిన్ని అని అంకె పెట్టిన రోజున ఈ అనుమతి రద్దు కావాలి. ఆరవది, ఈ పని చేసేవారికి శాశ్వత ఉద్యోగం, పైచదువుకి దారి, పొరపాటు జరిగినప్పుడు సంస్థ బాధ్యత వహించే రక్షణ ఉండాలి.

పేదవాళ్ళకి ఆప్టోమెట్రిస్టు, ఉన్నవాళ్ళకి డాక్టరా, ఇది రెండవ తరగతి వైద్యం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఈ భయం నాకూ ఉంది. అందుకే ఒకే పుస్తకంలో లెక్క ఉండాలని అంటున్నాను. ఇద్దరి ఫలితాలూ సమానమని తేలితే అది రెండవ తరగతి కాదు. తేడా ఉందని తేలితే ఆపేయాలి. కానీ ఈ రోజు ఆ అవ్వకి అందుతున్నది రెండవ తరగతి వైద్యం కూడా కాదు, ఏమీ లేకపోవడం. ఆ సంగతి మర్చిపోయి సూత్రాలు మాట్లాడితే మనమూ ఒక వృత్తిసంఘంలాగే మాట్లాడినట్టవుతుంది.

చట్టం కోసం ఎదురుచూడకుండా చేయగలిగినవీ ఉన్నాయి. మీ సంఘం సమావేశాల్లో ఒకసారి శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళెవరో, ఇప్పుడు వాళ్ళకి ఎలా కనిపిస్తోందో అడగండి. ‘ఆపరేషన్ ఖరాబైంది’ అన్న ప్రతి ఒక్కరికీ అది మళ్ళీ వచ్చిన పొర కావచ్చని, నయమవుతుందని చెప్పండి. అయిదారుగురిని కలిపి తోడుగా ఒకరిని ఇచ్చి పంపితే, ఏ కోడలి కూలీ పోదు. మీ జిల్లా ఆస్పత్రిలో లేజర్ యంత్రం ఉందో లేదో, ఉంటే వారంలో ఎన్ని రోజులు పనిచేస్తోందో సమాచార హక్కు కింద అడగండి. ఆ జవాబులు మాకు రాయండి. వచ్చే సంచికల్లో ప్రచురిస్తాం. కంటి కేంద్రాల్లో పనిచేసే స్త్రీలు తమ అనుభవాలు రాస్తే మరీ సంతోషం. నా వైఖరితో విభేదించేవారి ఉత్తరాలకి మొదటి చోటు ఇస్తాం.

ఆ అవ్వని తర్వాత ఊళ్ళోని సంఘం వాళ్ళు తీసుకెళ్ళారు. లేజర్ పడ్డ మరుసటి వారం చేట ముందు కూర్చుని, ‘‘గిన్ని రాళ్ళు తిన్నమా బిడ్డా ఇన్ని దినాలు?’’ అని కోడలిని అడిగిందట. ఆ చికిత్సకి పట్టింది కొద్ది నిమిషాలు. చీటీ సంచిలో ఉన్నది దాదాపు ఎనిమిది నెలలు. లేజర్ ఎవరి చేతిలో ఉండాలన్న చర్చ ఈ రెండింటి మధ్య దూరం గురించి జరగాలి.